అప్‌డేట్: అమ్మావాళ్ళ కౌలాలంపూర్ - పెనాంగ్ బస్సు ప్రయాణం

కావలి నుంచి అమ్మానాన్న మలేషియాలో అక్క దగ్గరికి వెళ్తున్నారు, అక్కడి ఉక్కపోతను, దూరం బస్సును ఎలా తట్టుకుంటారో అని అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చారు. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

శాలువా తీసుకెళ్ళమన్నవాళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. బయట ఎండ, బస్సులో వణికించే ఏసీ. నెత్తి మీద గాలి వచ్చే రంధ్రం ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోలేదట. అమ్మ చెవుల మీదుగా శాలువా కప్పుకుని, నాన్నగారి సాక్సులు తనే తొడుక్కుని కూర్చుందట. దారి దాదాపు 350 కిలోమీటర్లు. హైవే పక్కన ఆపిన చోట బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. లేకపోతే అమ్మ నీళ్ళు తాగడమే మానేస్తుందని నా టెన్షనంతా.

రోహిణి కార్తెలో 43, 44 డిగ్రీల వడగాలి మనకు అలవాటే. అక్కడ 32, 33 డిగ్రీలకే ప్రాణం ఉసూరుమంటుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్ళకపోవడమే బాగా పనిచేసింది.

అమ్మకు బీపీ. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు ఉంటుంది, ఊరికే తాగొద్దని డాక్టర్ చెప్పారు. బీపీ ఉన్నవాళ్ళు తప్పకుండా అడిగి వెళ్ళండి.

టికెట్ విషయం: పెనాంగ్ బస్సులు కొన్ని ఇవతలి ఒడ్డునున్న బటర్‌వర్త్ ఊళ్ళోనే ఆగిపోతాయి, అక్కడి నుంచి పెనాంగ్ దీవికి ఫెర్రీ ఎక్కాలి. పెద్దవాళ్ళయితే దీవి మీదున్న సుంగై నిబోంగ్ బస్టాండుకు బుక్ చేయండి, సామాను మోసే బాధ తప్పుతుంది.