కరెంటు చార్జీల బహిరంగ విచారణ మన జిల్లాల్లో పెట్టాలా, వద్దా?

దేవరకొండ రైతు:
ఈఆర్సీ, అంటే చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ కమిషన్, విచారణ నల్గొండలో, పాలమూరులో కూడా పెట్టాలి. హైదరాబాద్‌లో పెడితే పొద్దుగాల బస్సెక్కి, పని వదులుకుని ఎంతమంది పోగలరు?

పాలమూరు రిటైర్డ్ ఉద్యోగి:
2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చదవండి. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తన చార్జీల ప్రతిపాదనను క్లుప్తంగా ప్రచురించాలి, కమిషన్ ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించి 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. జిల్లాజిల్లాకూ వచ్చి సభ పెట్టాలని అందులో లేదు. రాసి పంపినా లెక్కలోకి వస్తుంది.

మిర్యాలగూడ:
ఆ నోటీసు ఎవరి కంటబడింది?

రిటైర్డ్ ఉద్యోగి:
పేపర్లో వేస్తారు. చూడకపోతే కమిషన్ తప్పా?

దేవరకొండ రైతు:
నోటీసు సంగతి వదిలేయండి సార్. కమిషన్ పారదర్శకంగా పనిచేయాలని 86వ సెక్షన్‌లోనే ఉంది. మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే తొమ్మిది రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాను, పొట్టకొచ్చిన వరి ఎండిపోయింది. ఈ మాట కమిషన్ ముందు ఎవరు చెప్పాలి?

రిటైర్డ్ ఉద్యోగి:
దానికి ఫిర్యాదుల ఫోరం ఉంది. చార్జీల విచారణలో ట్రాన్స్‌ఫార్మర్ గొడవ దేనికి? అసలు బాయి మోటర్‌కు చార్జీ కట్టనివాళ్లకు చార్జీలతో ఏం పని?

మిర్యాలగూడ:
పెద్దవారు, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దేవరకొండ రైతు:
ఇదీ మీ మనసులో ఉన్నది. ఉచితమంటే ఊరికే రాదు, 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ సొమ్ము ప్రభుత్వం ముందుగా కట్టాలి. మా మోటర్లకు మీటర్లు లేవు, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర రీడింగ్ తీసి మిగతావాళ్లం ఎంత వాడామో అంచనా కడతారు. ఆ అంచనా మీదనే సబ్సిడీ లెక్క. నా బోరు ఎండిపోయిన నెలలో కూడా నా పేరు మీద యూనిట్లు పడితే, అది తప్పని చెప్పగలిగేది బాయి కాడ ఉన్నవాడే కదా. దానికి ఇంజినీరింగ్ చదవాలా?

రిటైర్డ్ ఉద్యోగి:
ఎండలో తిరిగి ఆ రీడింగులు తీసినవాళ్లలో నేనొకణ్ని. సభల్లో మమ్మల్ని దొంగలన్నారు, ఒక్కరూ లెక్క అడగలేదు. అందుకే సభలంటే నాకు మంట.

దేవరకొండ రైతు:
మిమ్మల్ని అన్న మాట తప్పే. నేను అడిగేది లెక్కే. మా మండలంలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగ్ తీశారో విచారణకు ముందే తెలుగులో ఊళ్లో అంటించాలి, తర్వాత కమిషన్ మా జిల్లాకు వచ్చి వినాలి.

రిటైర్డ్ ఉద్యోగి:
అంటించమనడం న్యాయమే, రాసి పంపండి. సభ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.