కేదార్‌నాథ్: బీపీ, షుగర్ ఉన్న అమ్మని ఎలా తీసుకెళ్లాలి?

ప్రశ్న (బెజవాడ నుంచి):
అందరికీ నమస్కారం. సెప్టెంబరు చివర్లో అమ్మని కేదార్‌నాథ్ తీసుకెళ్దామనుకుంటున్నాం. వయసు 64. బీపీ మాత్ర, షుగర్‌కి ఇన్సులిన్ వాడుతుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. గుర్రం మంచిదా, డోలీయా, హెలికాప్టరా? పొద్దున్నే బయల్దేరితే రాత్రికి దిగి వచ్చేయొచ్చని కొందరంటున్నారు.

జవాబు 1:
ఆ మాట వినకండి. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తు, గుడి 3,583. అంటే 1,600 మీటర్లు ఎక్కాలి. 2013 వరదల్లో పాత దారి కొట్టుకుపోయింది. దారి మధ్యలో రాంబాడా దగ్గర మందాకిని నది దాటి వెళ్లే కొత్త దారి నిటారుగా, మరింత పొడవుగా ఉంటుంది. ఒకవైపే 16 కిలోమీటర్లకు పైనే.

మోకాళ్లు బాగోలేని వాళ్లకి గుర్రం వద్దండీ. కాళ్లు గంటల తరబడి వేలాడి బిగుసుకుపోతాయి. దిగేటప్పుడు ఒళ్లంతా ముందుకు తూలుతుంది, పడిపోయేదీ అప్పుడే. డోలీ నయం. ప్రీపెయిడ్ కౌంటర్‌లోనే మాట్లాడుకుని, రసీదు దిగేదాకా దాచుకోండి.

జవాబు 2:
ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు చాలామందికి పైకి చేరగానే కనిపించవు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతాయి. అందుకే పగలంతా హుషారుగా ఉన్నవాళ్లు అర్ధరాత్రి ఇబ్బంది పడతారు. హెలికాప్టర్‌లో నిమిషాల్లో పైకి చేరతారు కాబట్టి ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. అమ్మగారిని అలా తీసుకెళ్తే దర్శనం చేయించి అదేరోజు కిందికి దించేయండి, రాత్రి పైన ఉంచొద్దు.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని చాలామంది మూట కట్టుకెళ్తారు. ముక్కు చల్లగా ఉంటుందంతే, ఆక్సిజన్ పెరగదు. నడక తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దింపాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బంది రాకుండా వాడే డయామాక్స్ మాత్ర సంగతి ముందే డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడకపోతే తప్పకుండా చెప్పండి.

ఇన్సులిన్‌ని బ్యాగులో పెట్టొద్దు. గడ్డకడితే ఇక పనికిరాదు. స్వెటర్ లోపల, ఒంటికి ఆనుకుని ఉండే జేబులో పెట్టండి. గ్లూకోమీటర్ కూడా అక్కడే. చలికి అది పనిచేయక ఎర్రర్ చూపిస్తుంది.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. హెలికాప్టరే అనుకుంటున్నాం. టికెట్ ఎక్కడ కొనాలి? మబ్బు పడితే?

జవాబు 3:
ముందు ఉత్తరాఖండ్ ప్రభుత్వ సైట్‌లో యాత్ర రిజిస్ట్రేషన్ చేసుకోండి, అది లేకుండా టికెట్ బుక్ కాదు. టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్‌లోనే. వాట్సాప్‌లో 'కన్ఫర్మ్ టికెట్' ఇప్పిస్తామనే వాళ్లకి పైసా పంపకండి. హెలికాప్టర్లు కింద ఉన్న ఫాటా, సేర్సీ, గుప్తకాశీ ఊళ్ల నుంచి నడుస్తాయి. మధ్యాహ్నం తర్వాత లోయలో మబ్బు కమ్మేస్తుంది కాబట్టి పొద్దుటి స్లాటే తీసుకోండి. చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి, తిరుగు రైలు దగ్గరగా పెట్టుకోవద్దు.

మబ్బుకి పైనే చిక్కుకుపోతే రాత్రి ఉండాల్సి రావచ్చు. అమ్మగారి రెండ్రోజుల మందులు (ఇన్సులిన్ మాత్రం జేబులోనే), థర్మల్స్, ఉన్ని టోపీ చేతి సంచిలోనే ఉండాలి. సామాను పరిమితి తక్కువ, అందుకని మిగతాదంతా కింద లాడ్జిలో వదిలేయండి. లింగాన్ని ముట్టుకుని నెయ్యి రాయడం పగటి పూటే. సాయంత్రం అలంకారం అయ్యాక దూరం నుంచే దర్శనం.