స్లీవ్ ఆపరేషన్ తర్వాత ద్రవాహారం: గుక్కల్లో 60 గ్రాముల ప్రొటీన్ ఎలా పట్టించాలి?

ప్రశ్న:
మా అక్కకు బరువు తగ్గడానికి కడుపును కత్తిరించి సన్నగా చేసే స్లీవ్ ఆపరేషన్ అయింది. క్లియర్ లిక్విడ్స్ (నీళ్లలా తేటగా ఉండే ద్రవాలు) దశ అయిపోయింది, ఇక రెండు వారాలు ఫుల్ లిక్విడ్స్ (పాలు, షేకులు, వడకట్టిన సూప్ లాంటివి) అన్నారు. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్, కనీసం లీటరున్నర ద్రవాలు అని కాగితంలో ఉంది. నాలుగు గుక్కలకే కడుపు నిండిపోతుంటే ఇదంతా పట్టేదెలా? ప్రొటీన్ షేక్ తాగితే ఉబ్బరం, విరేచనాలు. సూప్‌లో పౌడర్ వేస్తే ఉండలు కడుతోంది.

జవాబు 1:
ముందు లెక్క చూడండి. 30 మి.లీ. పట్టే చిన్న కొలత కప్పు తీసుకుని, 15 నిమిషాలకు ఒక కప్పు చొప్పున మెల్లగా చప్పరించాలి. గంటకు 120 మి.లీ. మెలకువగా ఉండే 14 గంటల్లో 1,680 మి.లీ. అవుతుంది. షేకు, సూపు, పాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మీ కాగితంలో వేరేగా రాసి ఉంటే తప్ప, వాటికి అదనంగా లీటరున్నర నీళ్లు తాగాల్సిన పని లేదు.

ఇక ప్రొటీన్. వెన్న తీసిన పాలు 240 మి.లీ.లో సుమారు 8 గ్రాములు ఉంటుంది. అందులో 25 గ్రాముల వే ఐసొలేట్ పౌడర్ (పాలవిరుగుడు నీళ్ల నుంచి తీసి శుద్ధి చేసిన ప్రొటీన్) కలిపితే ఇంకో 20 పైచిలుకు. ఇలాంటివి పూటకొకటి చొప్పున రెండు చేసి, ఒక్కోటి రెండు గంటల పాటు తాగిస్తే 56 గ్రాములు దాటినట్టే. మిగతాది వడకట్టిన సూప్, పలుచన చేసిన చక్కెర లేని పెరుగు పూరిస్తాయి. అప్పటికి ద్రవాల్లో సగం దాకా వచ్చేసినట్టే, మిగిలిన సగం నీళ్లు.

రెండూ పూర్తికాని రోజున ఏది ముఖ్యమంటే నీళ్లే. ప్రొటీన్ ఒక పూట తగ్గితే మర్నాడు సర్దుకోవచ్చు. నీళ్లు తగ్గితే తల తిరగడం, ముదురు రంగు మూత్రం, వికారం మొదలవుతాయి. ఆ వికారంతో తాగడం ఇంకా తగ్గిపోతుంది. డిశ్చార్జ్ అయినవాళ్లు మళ్లీ సెలైన్ కోసం ఆస్పత్రికి రావడానికి ఎక్కువగా ఇదే కారణం.

జవాబు 2:
ఉబ్బరం, విరేచనాలు ముందు లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) వల్లేనేమో చూడండి. అంతకుముందు పాలు పడ్డవాళ్లకు కూడా ఈ ఆపరేషన్ తర్వాత పడకపోవడం మామూలే. డబ్బా మీద 'వే కాన్సంట్రేట్' అని ఉంటే పక్కన పెట్టి 'ఐసొలేట్' తీసుకోండి, అందులో లాక్టోజ్ బాగా తక్కువ. పాల బదులు లాక్టోజ్ లేని పాలో సోయా పాలో వాడండి. ప్రొటీన్ పెంచాలని పాలపొడి కలిపేవాళ్లున్నారు, దాంతో లాక్టోజ్ కూడా పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

రెండు రోజులైనా తగ్గకపోతే పదార్థాల జాబితాలో చక్కెరకు బదులు తీపి కోసం వేసే సార్బిటాల్, మాల్టిటాల్ వెతకండి. 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉన్నా గ్యాస్, విరేచనాలు తెప్పించేవి ఇవే. చక్కెర ఉన్న డబ్బా కూడా వద్దు. గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపును చిన్నది చేసి పేగుకు దారి మళ్లించే ఆపరేషన్) అయినవాళ్లలో ఎక్కువ, స్లీవ్‌లో కొంతమందికీ, చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగి చెమటలు, గుండెదడ, విరేచనాలు వస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు. ఒక సర్వింగ్‌కు ప్రొటీన్ 20 గ్రాములకు తగ్గకుండా, చక్కెర 5 గ్రాములు దాటకుండా ఉన్నది ఎంచుకోండి.

కొలాజెన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ప్రొటీన్) పౌడర్, ఎముకల సూప్ మీద ప్రొటీన్ అంకె చూసి మురిసిపోకండి. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం ఉండదు. తాగితే తాగనివ్వండి, 60 గ్రాముల లెక్కలో మాత్రం వేయకండి.

జవాబు 3:
ఉండల సంగతి. పొగలు కక్కే సూప్‌లో వే వేస్తే వేడికి గడ్డకడుతుంది, ఎంత గిలక్కొట్టినా కరగదు. రుచి కలపని పౌడర్ 10 గ్రాములు తీసుకుని, రెండు మూడు చెంచాల చల్లని నీళ్లలో జారుగా కలపండి. సూప్ గోరువెచ్చగా అయ్యాక అందులో పోసి తిప్పండి. కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

సూప్‌ను మిక్సీ పట్టగానే సరిపోదు, సన్నని జల్లెడలో వడకట్టండి. తొక్కలు, గింజలు, పీచు సన్నబడ్డ కడుపులో అడ్డుపడి వాంతి తెప్పించవచ్చు. స్ట్రా వాడితే గాలి లోపలికి పోతుంది, గ్యాస్ డ్రింకులు కడుపును సాగదీసినట్టు నొప్పి పుట్టిస్తాయి. రెండూ వద్దు.

ప్రశ్న:
మాత్రల సంగతి ఏమిటండీ? ఇంకోటి, ఇప్పుడు నొప్పేమీ లేదు, ఆకలి అంటోంది. మెత్తగా ఉడికించి కొంచెం పెట్టొచ్చా?

జవాబు 1:
పెట్టకండి. నొప్పి లేకపోవడం, లోపలి కుట్లు మానడం ఒకటి కాదు. ముద్దగా ఉన్న ఆహారం సన్నబడ్డ కడుపులో ఒత్తిడి పెంచుతుంది. ఈ దశలో ఆకలి అనిపించేది చాలాసార్లు దాహమో, ఏదైనా నమలాలన్న కోరికో. అదే చిన్న కొలత కప్పుతో వెచ్చని సూప్ ఇచ్చి పావుగంట చూడండి.

మాత్రలు పొడి చేసే ముందు ఫార్మసిస్ట్‌ను అడగండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవి నలిపితే రోజంతా మెల్లగా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, సొంతంగా ఇవ్వకండి. కాల్షియం, ఐరన్ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. షుగర్, బీపీ మందులు ఉంటే పాత మోతాదే కొనసాగించకండి. తిండి ఇంతగా తగ్గినప్పుడు రెండూ మరీ పడిపోవచ్చు, డాక్టర్‌తో మోతాదు మార్పించుకోండి.

జవాబు 2:
ఒకటి కలుపుతున్నాను. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటే ప్రమాదం ఉంది. నడక తూలడం, చూపు రెండుగా కనబడటం, తికమక మొదలైతే మెదడుకు దెబ్బ తగులుతోందని అర్థం. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి కాబట్టి, ఎమర్జెన్సీకి వెళ్తే ఆపరేషన్ సంగతి, వాంతుల సంగతి మొదటే చెప్పండి. కూర్చుని ఉన్నా నాడి నిమిషానికి 120 దాటడం, 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) పైన జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, పెరుగుతున్న కడుపునొప్పి, వీటిలో ఏది కనిపించినా కుట్ల దగ్గర లీక్ ఉందేమో చూడాలి. అప్పుడు షేక్ మార్చి చూద్దామనుకోవద్దు, వెంటనే సర్జన్‌కు ఫోన్ చేసి ఆస్పత్రికి బయల్దేరండి.