ముంబై నుంచి మొంబాసాకు బండి: కార్నెట్‌లో ఎవరు ఏ ముక్క చింపుతారు?

చైన్‌లూబ్ అడిగారు:

బండి హిమాలయన్ 450, తెలంగాణ రిజిస్ట్రేషన్. నవా షేవాలో ఓడెక్కించి మొంబాసాలో దింపుతా. అక్కడి నుంచి కెన్యా, టాంజానియా, జాంబియా, బోట్స్వానా, నమీబియా మీదుగా కేప్‌టౌన్. తిరుగు ప్రయాణం మళ్లీ ఓడలోనే. బండిని సుంకం కట్టకుండా కొన్నాళ్లు వేరే దేశాల్లోకి తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పుస్తకం, అదే కార్నెట్, ఐదు పేజీలది సరిపోతుందా? బండి మీద లోన్ ఉంది, పర్లేదా? బోర్డర్‌లో నేను చూసుకోవాల్సింది ఏంటి? ఇంకో మాట, ఒక ఏజెంటు ఏటీఏ కార్నెట్ చాలంటున్నాడు. రెండూ ఒకటేనా?

గేటుపాస్:

ఒకటి కాదన్నా. ఏటీఏ అనేది ఎగ్జిబిషన్ సామాను, కెమెరాలు, శాంపిళ్లు పట్టుకెళ్లి తెచ్చుకోవడానికి. మన దగ్గర ఫిక్కీ అనే వ్యాపార సంఘం ఇస్తుంది. సొంత బండి మీద తిరగడానికి కావలసింది సీపీడీ, అంటే వాహనాల కార్నెట్. అది ముంబైలో వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది, గడువు ఏడాది. ఆ తేడా తెలియని ఏజెంటు చేతికి బండి ఇవ్వకపోవడమే మంచిది.

ఇక పేజీ సంగతి. ఒక్కో పేజీలో మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు కింది ముక్క చింపుకుని, పై ముక్కలో ఎంట్రీ గడి మీద ముద్ర, తేదీ, సంతకం వేస్తారు. బయటికొచ్చేటప్పుడు మధ్య ముక్క చింపుకుని, అదే పై ముక్కలో ఎగ్జిట్ గడి నింపుతారు. అంటే పని అయిపోయిన పేజీలో పై ముక్క ఒక్కటే మిగలాలి, దాని మీద రెండు ముద్రలుండాలి. చింపిన ముక్క వాళ్లకి, ముద్ర మనకి. కౌంటర్ దగ్గర్నుంచి కదలకముందే తేదీ కనిపిస్తోందా, సంతకం పడిందా చూసుకో. పాస్‌పోర్టులో ముద్ర పడింది కదా అని ధీమాగా ఉండొద్దు, అది ఇమిగ్రేషన్.

ఎక్కువ మంది దెబ్బతినేది కెన్యా-టాంజానియా మధ్య నమంగా లాంటి వన్‌స్టాప్ బోర్డర్లలో. కెన్యా నుంచి వెళ్తుంటే కెన్యా వైపు ఆగే పని లేదు. తిన్నగా టాంజానియా వైపు బిల్డింగ్‌కి వెళ్తే రెండు దేశాల కౌంటర్లూ అక్కడే ఉంటాయి. ముందు కెన్యా కస్టమ్స్, తర్వాత టాంజానియా. హడావుడిలో మొదటిది వదిలేస్తే కెన్యా పేజీలో మధ్య ముక్క అలాగే ఉండిపోతుంది, కెన్యా లెక్కలో బండి ఇంకా అక్కడే ఉన్నట్టు. తర్వాత సుంకం కట్టమని అసోసియేషన్‌కి నోటీసు రావచ్చు, వాళ్లు కార్నెట్ తీసుకునేటప్పుడు నువ్విచ్చిన గ్యారంటీ మీద పడతారు.

అలా జరిగినా దారి ఉంది. కార్నెట్‌లో సర్టిఫికెట్ ఆఫ్ లొకేషన్ అని ఒక పత్రం ఉంటుంది. బండి ఇల్లు చేరాక కస్టమ్స్ వాళ్ల చేత ఛాసిస్ నంబరు చూపించి నింపించుకోవాలి. సొంత వాహనాల తాత్కాలిక దిగుమతి మీద దేశాలు చేసుకున్న 1954 ఒప్పందం ప్రకారం కార్నెట్ గడువు తీరిన ఏడాదిలోపే ఆ దేశం నోటీసివ్వాలి, నోటీసు అందాక రుజువు చూపడానికి అసోసియేషన్‌కి ఇంకో ఏడాది ఉంటుంది.

పొడక్షరం:

కార్నెట్‌కి అప్లై చేసే ముందు పేరు చూసుకోండి. మనవాళ్ల ఆర్‌సీల మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది. కార్నెట్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకెక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం), పాస్‌పోర్టు మూడింట్లో ఒకే పేరు లేకపోతే మొంబాసా రేవులో బండి ఆగుతుంది, ఆగినందుకు కట్టే డెమరేజి రోజుకింత పెరుగుతుంది.

ఛాసిస్ నంబరు ఆర్‌సీ చూసి కాపీ కొట్టొద్దు. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టిన అంకెల్ని పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది తీసుకోండి. పదిహేడు అక్షరాల ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపించింది సున్నానే. ఇంజిన్ నంబరుకి ఈ లెక్క వర్తించదు, దాన్ని విడిగా చూసుకోవాలి.

లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకోండి, ఫలానా దేశాలకు ఫలానా తేదీల మధ్య తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని. అడిగితే కొందరు ఆర్టీఓ ఫారం 28 గురించి చెప్తారు. అది వేరే రాష్ట్రానికి రిజిస్ట్రేషన్ మార్చుకోవడానికి, ఇక్కడ పనికిరాదు.

పేజీలు మీ దారికి నాలుగే. కెన్యా, టాంజానియా, జాంబియాలకు ఒక్కోటి. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా ఒకే కస్టమ్స్ యూనియన్ కాబట్టి మూడింటికీ కలిపి ఒకటి. జాంబియా నుంచి బోట్స్వానాలోకి దాటే కజుంగులా బ్రిడ్జి దగ్గర ఎంట్రీ, కేప్‌టౌన్ రేవులో ఎగ్జిట్, అంతే. మధ్యలో నమీబియా గేటు దగ్గర కొత్త పేజీ తిప్పబోతే మర్యాదగా ఆపి పాత ఎంట్రీ చూపించండి. కానీ విక్టోరియా జలపాతం దాకా వెళ్లాక జింబాబ్వే వైపు నుంచీ చూడాలనిపిస్తుంది, వెళ్తే ఒక పేజీ. తిరిగి జాంబియాలోకొస్తే ఇంకోటి. అందుకే పది పేజీలది తీసుకోండి.

దేశాల జాబితాలో మాత్రం వెళ్లేవే రాయించండి. జాబితాలో ఎక్కడ సుంకం ఎక్కువో దాన్ని బట్టి గ్యారంటీ అడుగుతారు. పనిలో పనిగా ఈజిప్టు కూడా అన్నారంటే అంకె చూసి గుడ్లు తేలేయాల్సిందే.

చైన్‌లూబ్:

అర్థమైంది, థాంక్స్. ఇన్సూరెన్స్? కేప్‌టౌన్ రేవులో ముద్ర నేనే వేయించుకోవాలా?

గేటుపాస్:

మన పాలసీకి కట్టే జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్ నేపాల్, భూటాన్, శ్రీలంక లాంటి చుట్టుపక్కల దేశాలకే. ఆఫ్రికాకు రాదు. మొంబాసాలో లోకల్ థర్డ్ పార్టీ పాలసీ తీసుకుని, దాని మీద కోమెసా (ఆఫ్రికా తూర్పు, దక్షిణ భాగాల దేశాల కూటమి) వాళ్ల ఇన్సూరెన్స్ ఎల్లో కార్డు వేయించుకో. టాంజానియా, జాంబియాల్లోనూ చెల్లుతుంది. ఎల్లో ఫీవర్ టీకా పుస్తకాన్నీ ఎల్లో కార్డే అంటారు, బోర్డర్‌లో అడిగితే ఏది అడుగుతున్నారో కనుక్కుని ఇవ్వు. దక్షిణాఫ్రికాలో మనుషులకు తగిలే దెబ్బలకు పెట్రోలు మీద వసూలు చేసే లెవీతో నడిచే ఫండ్ ఉంది. గుద్దిన కారు రిపేరు మాత్రం దాంట్లో రాదు.

కేప్‌టౌన్‌లో కంటైనర్‌కి సీలు పడకముందే ఏజెంటు కార్నెట్ తీసుకెళ్లి కస్టమ్స్ ముద్ర వేయిస్తాడు. ఫోటో పంపితే సరిపెట్టుకోకు, పుస్తకం చేతికొచ్చాకే విమానం ఎక్కు. గ్యారంటీ విడిపించుకోవాలంటే ఆ పుస్తకమే వెనక్కివ్వాలి. చెక్క క్రేటు కట్టిస్తే దాని మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర, అంటే పురుగు లేకుండా శుద్ధి చేసిన చెక్క అనే గుర్తు, ఉండాలి.

ఇక నవా షేవాలో వెళ్లేటప్పుడు కస్టమ్స్‌కి వేసే ఎగుమతి పత్రం, అదే షిప్పింగ్ బిల్లులో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు రెండూ రాయించు. తిరిగొచ్చాక 45/2017 నోటిఫికేషన్ కింద సుంకం మినహాయింపు అడగాలంటే వెళ్లిన బండే తిరిగొచ్చిందని చూపేది ఆ కాగితమే. 'యూజ్డ్ మోటార్‌సైకిల్, ఒకటి' అని రాసి వదిలేసే బ్రోకర్లున్నారు. ఫైల్ చేసే ముందే చెక్‌లిస్ట్, అంటే ఆ బిల్లు ముసాయిదా, కాపీ అడిగి తీసుకుని చదువు.