ఛార్జర్ ఒకటి చాలునా, సైక్లర్ కూడా కావాలా? మోడల్ విమానాల బ్యాటరీలపై సలహా కోరుతున్నాను

శెనక్కాయ చేను (అనంతపురం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. రేడియో కంట్రోల్ మోడల్ విమానాలను నేను రెండేళ్ళుగా ఎగరేస్తున్నాను. ఇంతకాలం నా దగ్గర ఉన్నవి ఫోమ్‌తో చేసిన ఒక ట్రైనర్ విమానం, దానికి నాలుగు 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటల) లైపో (లిథియం పాలిమర్) ప్యాక్‌లు, విమానంతో పాటు వచ్చిన చిన్న ఛార్జర్ మాత్రమే. ఆ ఛార్జర్ ఒక్కో ప్యాక్‌ను నింపడానికి దాదాపు మూడు గంటలు తీసుకుంటుంది కాబట్టి, ఆదివారం తెల్లవారుజామున కోత అయిపోయిన చేలల్లో ఎగరేయాలంటే శనివారం మధ్యాహ్నమే కూర్చోవలసి వస్తోంది.

ఇటీవల మా బంధువులలో ఒక పెద్దాయన కంటిచూపు సహకరించక ఈ సరదాను మానుకుంటూ, తన గ్లో ఇంజన్ (మెథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) విమానాన్ని, ట్రాన్స్‌మిటర్‌ను నాకు ఇచ్చారు. విమానంలో రేడియో సంకేతాన్ని అందుకునే రిసీవర్‌కు, రెక్కల, తోక పలకలను కదిపే సర్వోలకు కరెంటు ఇవ్వడానికి నాలుగు సెల్‌ల 4.8 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ ఉంది; దాని మీద 2000 ఎంఏహెచ్ అని రాసి ఉంది. ట్రాన్స్‌మిటర్‌లో ఎనిమిది సెల్‌ల 9.6 వోల్టుల ప్యాక్ ఉంది. అవి ఎన్నేళ్ళ నాటివో ఆయనకే గుర్తు లేదు. "ముందు వాటిని సైక్లర్‌లో పెట్టి చూడు, నమ్మకం కుదిరాకే గాలిలోకి వదులు" అని మాత్రం గట్టిగా చెప్పారు. సైక్లర్ అంటే బ్యాటరీని దించి, మళ్ళీ నింపి, దానిలో ఎంత సామర్థ్యం మిగిలిందో కొలిచే పరికరం.

నేను రెండు రకాల ఛార్జర్లను చూశాను. ఒకటి నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించేది, ఛార్జింగ్‌కు 50 వాట్లు, డిశ్చార్జికి 5 వాట్లు. రెండోది 150 వాట్లది, కానీ దానికి వేరే పవర్ సప్లై కొనాలి. నేను పెట్టగలిగింది ఆరు వేల రూపాయలకు మించదు. డిశ్చార్జి 5 వాట్లు అంటే మరీ తక్కువ కదా, దానితో సైక్లింగ్ కుదురుతుందా, లేక విడిగా సైక్లర్ కొనవలసిందేనా అన్నది నా ప్రధాన సందేహం. చేను దగ్గర కారు బ్యాటరీ నుంచి ఛార్జ్ చేయడం గురించి కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బురుజు నీడ (కర్నూలు)

150 వాట్లదే కొనండి. ఈరోజు 3ఎస్ ఎగరేసేవారు రేపు తప్పకుండా 6ఎస్‌కు వెళ్తారు. 6ఎస్ 5000 ఎంఏహెచ్ ప్యాక్‌ను ఒక సీ రేటున (సామర్థ్యపు అంకెకు సమానమైన కరెంటుతో) నింపాలంటే 25.2 వోల్టులను 5 ఆంపియర్లతో గుణిస్తే 126 వాట్లు అవుతుంది, 50 వాట్లది అప్పుడు మూలన పడుతుంది. మీ నాలుగు ప్యాక్‌లను ప్యారలల్ బోర్డు (ప్యాక్‌లన్నింటినీ సమాంతరంగా కలిపే పలక) మీద ఒకేసారి పెట్టినా 8.8 ఆంపియర్లు, అంటే సుమారు 111 వాట్లు కావాలి. ప్యారలల్‌గా కలిపే ముందు నాలుగింటి వోల్టేజీ సెల్‌కు 0.1 వోల్టు తేడాలోపే ఉందని చూసుకోవడం మాత్రం మరచిపోకండి, లేకపోతే నిండిన ప్యాక్ నుంచి ఖాళీ ప్యాక్‌లోకి కరెంటు దూకుతుంది. ఇక సైక్లింగ్ విషయానికి వస్తే, నేను ఏడాదికి ఒకసారి నా ప్యాక్‌లన్నింటినీ, లైపోలతో సహా, మూడేసి సార్లు తిప్పి అంకెలు రాసుకుంటాను.

నాపరాయి (కడప)

బురుజు నీడ గారి లెక్కలు సరైనవే కానీ, లైపోలను కూడా మూడేసి సార్లు తిప్పడాన్ని నేను ఒప్పుకోలేను. సైక్లింగ్ అనే అలవాటు నికెల్ కాడ్మియం సెల్‌ల రోజులలో వచ్చింది. చాలాకాలం వాడకుండా ఉండి మొద్దుబారిన నికెల్ సెల్‌లు రెండు మూడు సార్లు ఖాళీ అయి నిండితే కొంత తేరుకుంటాయి. లైపోకు అలా తేరుకునే గుణం లేదు. దాని ఆయుష్షు సైకిళ్ళ లెక్కలోనే కరుగుతుంది కాబట్టి, పరీక్ష పేరుతో తిప్పిన ప్రతిసారీ గాలిలో వాడుకోవలసిన ఒక సైకిల్ బల్ల మీద ఖర్చవుతుంది. లైపో బాగుందో లేదో తెలుసుకోవడానికి ఎగరేసి వచ్చాక సెల్‌ల మధ్య తేడా ఎంత ఉంది, అదే పది నిమిషాల ఎగురుడుకు తిరిగి ఎన్ని ఎంఏహెచ్‌లు ఎక్కుతున్నాయి, ప్యాక్ ఏమైనా ఉబ్బిందా అన్నవి చూస్తే చాలు. ఛార్జర్ ఒక్కో సెల్ అంతర్నిరోధాన్ని మిల్లీ ఓమ్‌లలో చూపేదైతే ఇంకా మంచిది. మూడు సెల్‌లలో ఒకటి మిగతా రెండింటికంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ ప్యాక్ రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

ఇప్పుడు మీ 5 వాట్ల సందేహం. ఛార్జర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె ఛార్జింగ్ వాట్లది, లోపలి కాగితంలో చిన్నగా ఉండేది డిశ్చార్జి వాట్లది. చాలామంది మొదటిదాన్ని చూసి కొని, రెండోదాన్ని చూసి బాధపడతారు. అయితే మీ విషయంలో బాధపడవలసిన పని లేదు. రిసీవర్ ప్యాక్‌ను పరీక్షించడానికి దాని సామర్థ్యంలో ఐదో వంతు కరెంటు, అంటే 0.4 ఆంపియరు తీస్తే చాలు, 4.8 వోల్టుల దగ్గర అది 2 వాట్లు కూడా కాదు. ట్రాన్స్‌మిటర్ ప్యాక్ నుంచి అంతే తీసినా 4 వాట్లలోపే ఉంటుంది. సెల్ సామర్థ్యాన్ని ప్రమాణం ప్రకారం కొలిచేది కూడా ఈ ఐదో వంతు కరెంటుతోనే, సెల్‌కు 1 వోల్టుకు దిగేవరకే. కాబట్టి సైక్లింగ్ నిజంగా అవసరమైన మీ రెండు ప్యాక్‌లకూ ఈ చిన్న ఛార్జరే సైక్లర్. విడిగా మరొకటి కొనకండి.

చేయవలసిన క్రమం ఇది. ప్యాక్‌ను మొదట పదో వంతు కరెంటుతో, అంటే 200 మిల్లీ ఆంపియర్లతో, పద్నాలుగు నుంచి పదహారు గంటలపాటు నెమ్మదిగా నింపండి. ఏళ్ళ తరబడి మూలన ఉన్న సెల్‌లు ఒక్కొక్కటి ఒక్కో స్థాయిలో ఉంటాయి. ఈ నెమ్మది ఛార్జింగ్‌లో ముందే నిండిన సెల్ మిగతావాటి కోసం పెద్దగా వేడెక్కకుండా ఆగగలుగుతుంది. ఆ తర్వాత 0.4 ఆంపియరుతో 4.0 వోల్టుల వరకు దించండి. ఎనిమిది సెల్‌లదైతే 8.0 వోల్టుల వరకు. దిగిన ఎంఏహెచ్‌ను నోటుపుస్తకంలో రాయండి. తర్వాతి ఛార్జింగ్ 1 ఆంపియరుతో చేయవచ్చు. నికెల్ ప్యాక్ నిండగానే వోల్టేజీ సెల్‌కు కొద్ది మిల్లీ వోల్టులు తగ్గుతుంది, ఛార్జర్ ఆ తగ్గుదలను పట్టుకునే ఆగుతుంది. కరెంటు మరీ తక్కువైతే ఆ తగ్గుదల కనిపించక, ఛార్జర్ ఆగకుండా పోస్తూనే ఉంటుంది. అందుకని సమయపు హద్దును, సామర్థ్యపు హద్దును రెండింటినీ సెట్టింగులలో తప్పక పెట్టండి. నెమ్మది ఛార్జింగ్‌లో ఆపేది ఆ హద్దే. ఇలా మూడు సార్లు తిప్పాక కూడా రాసిన సామర్థ్యంలో 80 శాతం, మీ లెక్కన 1600 ఎంఏహెచ్ రాకపోతే ఆ ప్యాక్‌ను విమానంలో పెట్టకండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, రిసీవర్ ప్యాక్ మోసం చేసినట్టు మోటారు ప్యాక్ చేయదు. మోటారు బ్యాటరీ అయిపోతే విమానం గ్లైడరులా దిగుతుంది. రిసీవర్ బ్యాటరీలో ఒక్క సెల్ కూలిపోతే, నాలుగు సర్వోలూ ఒకేసారి లాగిన క్షణంలో వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఆరిపోతుంది. ఇక విమానం మీ మాట వినదు. పైగా ఊరకే మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆ ప్యాక్ నిక్షేపంగా 5.2 వోల్టులు చూపిస్తుంది. నా మొదటి గ్లో విమానం పెన్న ఇసుకలో ముక్కు దిగేసినప్పుడు, శకలాల్లో నుంచి తీసిన ప్యాక్ సరిగ్గా అంతే చూపించింది.

బురుజు నీడ గారు చెప్పిన 6ఎస్ భవిష్యత్తు గురించి ఒక మాట. మీ 2200 ప్యాక్‌కు ఒక సీ రేటున కావలసింది 28 వాట్లే; 50 వాట్లది చాలు, గంటా పావులో ఒక ప్యాక్ నిండుతుంది. మిగిలిన డబ్బుతో కొత్త రిసీవర్ ప్యాక్ ఒకటి, నమ్మదగిన మల్టీమీటర్ ఒకటి కొనండి. ప్యాక్ కొనేటప్పుడు నిల్వలో త్వరగా దిగిపోని రకం నికెల్ సెల్‌లను అడగండి. 2005లో సాన్యో ఎనిలూప్ పేరుతో తెచ్చిన రకం అది. మామూలు నికెల్ సెల్‌లు నెల రోజులు బీరువాలో ఉంటేనే చెప్పుకోదగ్గంత దిగిపోతాయి. మల్టీమీటర్ ఎందుకంటే, పేరున్న ఛార్జర్ల రూపంలో నకళ్ళు విపరీతంగా అమ్ముడవుతున్నాయి. లైపో నిండిందని ఛార్జర్ అన్నప్పుడు బ్యాలెన్స్ ప్లగ్గులో (ప్రతి సెల్ నుంచి తీగ వచ్చే చిన్న తెల్ల ప్లగ్గు) ఒక్కో సెల్‌ను మీరే కొలవండి. 4.20 ఉండాల్సిన చోట 4.25 కనిపిస్తే ఆ ఛార్జర్‌ను వెంటనే తిప్పి పంపండి.

శెనక్కాయ చేను (అనంతపురం)

నాపరాయి గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. 50 వాట్లదే తెప్పించాను. రెండు చిక్కులు వచ్చాయి. ట్రాన్స్‌మిటర్‌ను దాని ఛార్జింగ్ రంధ్రం ద్వారానే కలిపి డిశ్చార్జి పెడితే, బ్యాటరీ లేదని ఛార్జర్ తప్పు చూపిస్తోంది. రెండోది లైపోల సంగతి. మా వైపు ఆషాఢంలో గాలి ఎలా ఉంటుందో, రామగిరి గాలిమరలను చూసినవారికి చెప్పనక్కరలేదు. నాలుగు ప్యాక్‌లనూ నింపి చేను దాకా వెళ్ళి ఎగరేయకుండానే తిరిగి వచ్చిన వారాలు ఎన్నో ఉన్నాయి. వాటిని నిల్వ వోల్టేజీకి (వాడకుండా ఉంచేటప్పుడు ఉండవలసిన దాదాపు సగం ఛార్జికి) దించమంటే ఈ ఛార్జర్ ఒక్కో ప్యాక్‌కు మూడు గంటలు తీసుకుంటోంది.

నాపరాయి (కడప)

పాత ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి ఛార్జింగ్ రంధ్రం వెనుక ఒక డయోడ్ ఉంటుంది. అది కరెంటును లోపలికి మాత్రమే పోనిస్తుంది, బయటికి రానివ్వదు. మీ ఛార్జర్‌కు బ్యాటరీ కనిపించకపోవడానికి అదే కారణం అయి ఉండాలి. వెనుక మూత తీసి ప్యాక్‌ను విడదీసి, దాని ప్లగ్గుకే నేరుగా తగిలించండి. ఎరుపు, నలుపు తీగలను తగిలించే ముందు మీటరుతో చూడండి. పాత ప్యాక్‌ల ప్లగ్గులలో అవి తారుమారై ఉండడం అరుదేమీ కాదు.

లైపోల నిల్వకు ఛార్జర్‌ను నమ్ముకోవద్దు. సగానికి కొంచెం ఎక్కువ ఖాళీ చేయాలంటే దాదాపు 14 వాట్ గంటలు తీయాలి, 5 వాట్లతో అది మూడు గంటల పనే. ఆటో విడిభాగాల దుకాణంలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరు కొని ప్యాక్‌కు తగిన కనెక్టర్ సోల్డర్ చేయించండి. నలభై నిమిషాలలో పని అయిపోతుంది. బ్యాలెన్స్ ప్లగ్గులో చిన్న లో వోల్టేజీ అలారం పెట్టి సెల్‌కు 3.8 దగ్గర మోగేలా ఉంచండి. బల్బు తీశాక అది కొంచెం పైకి లేచి 3.85 దరిదాపుల్లో నిలుస్తుంది. బల్బు వెలుగుతుండగా మీరు అక్కడే ఉండాలి. మరచిపోయి పడుకుంటే ప్యాక్ 3 వోల్టుల కిందికి పోతుంది, ఇక దాన్ని పారేయడమే.

బురుజు నీడ (కర్నూలు)

లైపోలను తిప్పడం ఈ ఏటి నుంచి మానుకుంటున్నాను. 150 వాట్ల మాటను మాత్రం వెనక్కి తీసుకోను, ఆరు నెలలు పోయాక ఆయనే వచ్చి అడుగుతారు.

కారు బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. మీ ప్యాక్ ఒకటి దాదాపు 24 వాట్ గంటలది. ఛార్జర్‌లో పోయే నష్టంతో కలిపి కారు బ్యాటరీ నుంచి 30 వాట్ గంటలు లాగుతుంది. 35 ఆంపియర్ గంటల కారు బ్యాటరీలో మొత్తం ఉన్నదే 420. సగం వరకు వాడదామనుకున్నా ఏడు ప్యాక్‌లు, అంతకు మించితే కారు స్టార్టు కాదు. నేను ఆ పాఠాన్ని ఓర్వకల్లు దాటాక ఒక పొలం గట్టున, ట్రాక్టరు వచ్చేదాకా మూడు గంటలు కూర్చుని నేర్చుకున్నాను. ఛార్జర్‌లో ఇన్‌పుట్ హద్దు అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని 11.5 వోల్టుల దగ్గర పెట్టండి. అక్కడికి రాగానే ఛార్జర్ తనంతట తానే ఆగిపోతుంది.

ఎండాకాలంలో కారు డిక్కీలో ఛార్జ్ చేయవద్దు. లైపోను 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదు, మన మే నెలలో మూసిన డిక్కీలో ఆ అంకె ఉదయం పదింటికే దాటిపోతుంది. ఎగరేసి దించిన ప్యాక్ చేతికి చల్లబడిందని అనిపించాకే తగిలించాలి. ఇంట్లోనైతే చాప మీదో, చెక్కబల్ల మీదో కాకుండా, బేతంచర్ల బండ పరిచిన నేల మీద, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని చేయండి.

నాపరాయి (కడప)

బేతంచర్ల బండ కాదు, కడప బండ. మిగతాదంతా సరే.

శెనక్కాయ చేను (అనంతపురం)

ఫలితాలు రాస్తున్నాను. రిసీవర్ ప్యాక్ మొదటిసారి 1180, రెండోసారి 1310, మూడోసారి 1320 ఎంఏహెచ్ ఇచ్చింది. ట్రాన్స్‌మిటర్ ప్యాక్‌ను విప్పి నేరుగా కలిపితే మూడోసారికి రాసిన దానిలో 85 శాతం వచ్చింది, అందుచేత దాన్ని ఉంచుకుంటున్నాను. రిసీవర్‌కు కొత్త ప్యాక్ తెప్పించాను. పాతదాన్ని గ్లో ప్లగ్‌ను (ఇంజన్ స్టార్టు చేసేటప్పుడు వేడి చేసే తీగ ఉన్న ప్లగ్గును) వెలిగించడానికి వాడుకోవచ్చునా?

నాపరాయి (కడప)

రెండోసారికీ మూడోసారికీ పది ఎంఏహెచ్‌లే పెరిగిందంటే ఇక అది తేరుకోదు, మీరు సరిగ్గానే తీసేశారు. గ్లో ప్లగ్‌కు కావలసింది ఒక్క సెల్, 1.2 వోల్టులు, నాలుగింటినీ వరుసగా తగిలిస్తే ప్లగ్ తీగ ఆ క్షణమే కాలిపోతుంది. ప్యాక్‌ను విప్పి, నాలుగు సెల్‌లనూ విడివిడిగా దించి చూసి, అన్నింటికంటే మంచిదాన్ని ఒక్కదాన్నే ప్లగ్‌కు ఉంచుకోండి. మిగతా మూడింటినీ ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చేయండి. రిసీవర్ కనెక్టర్‌ను మాత్రం ఈరోజే కత్తిరించండి, పొరపాటున కూడా అది మళ్ళీ విమానంలోకి వెళ్ళకూడదు.