పియానో ముక్కలు చెల్లో మీదకి: ఎవరైనా సొంతంగా రాసుకున్నారా? (గుంటూరు, విజయవాడ వాళ్లు చెప్పండి)

బ్రాడీపేట_నాన్న
మా అమ్మాయి చెల్లో (వయొలిన్‌కి పెద్దన్న లాంటి వాద్యం) నేర్చుకుంటోంది. గుంటూరులో చెప్పేవాళ్లు దొరక్క ఆన్‌లైన్ క్లాసులే. క్రిస్మస్ ముందు చర్చిలో చిన్న ప్రోగ్రాం ఉంది. షూమన్ ‘ట్రాయ్‌మెరై’ వాయిస్తానని పట్టుబట్టింది. మా దగ్గర పియానో నోట్స్ మాత్రమే ఉన్నాయి. ట్యూన్ ఎంత కిందకి దించాలి? ఎడమచేతి భాగం ఏం చేయాలి? తర్వాత ఎప్పటికైనా షోపాన్ పియానోకి రాసిన ‘చెల్లో ఎట్యూడ్’ (అభ్యాస ముక్క) కూడా వాయించాలని దాని కోరిక. అది సీ షార్ప్ మైనర్‌లో ఉంది. అలాగే ఉంచాలా, డీ మైనర్‌కి మార్చుకోవచ్చా? కీబోర్డు వాయించేది మా క్వయర్ అబ్బాయే.

పటమట_వయొలిన్
షూమన్ సంగతి తర్వాత. ముందు ఆ క్వయర్ అబ్బాయి కుడిచేత్తో అదే ట్యూన్ వాయించకుండా చూసుకోండి. కీబోర్డు వాళ్లకి ఈ అలవాటు చచ్చినా పోదు. పైగా ‘స్ట్రింగ్స్’ సౌండ్ పెడతారు, పక్కన నిజం తీగలు మోగుతున్నా సరే. కీబోర్డు స్వరం కదలదు. మీ అమ్మాయి వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని వణికించడం) చేసిన ప్రతిసారీ అది మేకులా అడ్డం తగులుతుంది, తప్పు మాత్రం చెల్లో అమ్మాయిదే అంటారు. మొన్న ఈస్టర్‌కి నాకు అదే జరిగింది. ఇంకా మంట తగ్గలేదు.

ఎనిమిదో_గ్రేడ్
నాది ట్రినిటీ గ్రేడ్ ఎయిట్, డిస్టింక్షన్. ఇలాంటివి చాలా రాశాను కాబట్టి చెప్తున్నా. ట్రాయ్‌మెరై ఎఫ్ మేజర్‌లోనే ఉంచి ఒక్క ఆక్టేవ్ (ఒక స్థాయి) దించండి. మొదటి సి, జి తీగ మీద నాలుగో వేలికి వస్తుంది. తర్వాతి పొడుగు ఎఫ్, డి తీగ మీద రెండో వేలు. చివర్లో ఫెర్మాటా (ఆగి నిలబెట్టే గుర్తు) ఉన్న పై ‘ఏ’ స్వరం సరిగ్గా ‘ఏ’ తీగ నడిమధ్యన పడుతుంది, హార్మోనిక్ (వేలు తేలిగ్గా ఆనిస్తే మోగే స్వరం) అక్కడే ఉంటుంది కాబట్టి వెతుక్కోనక్కర్లేదు.

అసలు చిక్కు పియానోలో వస్తుంది. ట్యూన్ కిందకి దిగేసరికి మధ్య స్వరాలు దాని నెత్తి మీద కూర్చుంటాయి. షూమన్ ఆ ముక్కని నలుగురు పాడుకుంటున్నట్టు రాశాడు, ఏ గొంతు తీయాలో, ఏది ఉంచాలో తెలియాలంటే హార్మొనీ చదివుండాలి. యూట్యూబ్ చూసి రాసేస్తే బురదలా వినిపిస్తుంది. పియానో నోట్స్‌లో కనిపించే పొడుగు స్లర్లు (స్వరాల్ని కలిపే గీతలు) బో (కమాను) గుర్తులు కావు, అదీ గుర్తుంచుకోండి. ఒక్క బోలో అంత దూరం లాగితే చివరికి ఊపిరి అందదు.

ఎట్యూడ్ కీ మాత్రం మార్చొద్దు. పాపం తగులుతుంది.

సత్యనారాయణపురం_ఫిడేలు
పాపమా! మా కర్ణాటక సంగీతంలో సీ షార్ప్ అంటే ఒకటిన్నర శ్రుతి, డీ అంటే రెండు. ఒకటిన్నర నుంచి రెండుకి జరగడానికి ఇంత రాద్ధాంతమా? మాకు పాడేవాళ్ల గొంతు ఎక్కడుంటే శ్రుతి అక్కడ. దీక్షితార్‌గారు ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు తీసుకుని నొట్టుస్వరాలు చేశారు. ‘సంతతం పాహిమాం’ ఎత్తుకుని చూడండి, ఇంగ్లండు రాజుగారి గీతమే. ఆయన ఎవరి పర్మిషన్ అడిగారు?

కొత్తపేట_ఆల్టో
కీ మార్చడం అంటే గుర్తొచ్చింది. మా కీబోర్డు అబ్బాయి ఒక పాటకి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, తీయడం మర్చిపోయాడు. తర్వాతి కీర్తన అర మెట్టు పైన మొదలైంది. సోప్రానోలు చరణంలో పై స్వరం దగ్గర ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పాస్టరుగారు మాత్రం ఈ రోజు పాటలో ఆత్మ ఉందన్నారు.

ఎనిమిదో_గ్రేడ్
ఫిడేలుగారూ, ఇది గొంతుకి శ్రుతి సర్దుకునే వ్యవహారం కాదు. షోపాన్ ఆ కీ ఎంచుకున్నాడంటే కారణం ఉంటుంది.

సత్యనారాయణపురం_ఫిడేలు
ఆ కారణమేదో చెప్పండి మరి. ఉందన్నారు, చెప్పలేదు.

లబ్బీపేట_పియానో
నేను చెప్తాను. షోపాన్ తన శిష్యులకి మొదట నేర్పిన స్కేలు సీ మేజర్ కాదు, బీ మేజర్. పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద హాయిగా కూర్చుంటాయని. కీ ఎంపికలో చేతి సుఖానికి అంత విలువ ఇచ్చిన మనిషి ఆయన. చెల్లోకి నల్ల మెట్లు ఎక్కడున్నాయి? దానికున్నవి సి, జి, డి, ఏ నాలుగు తీగలు. సీ షార్ప్ మైనర్‌లో వాటిలో ‘ఏ’ తీగ ఒక్కటే పనికొస్తుంది. డీ మైనర్‌లో నాలుగూ స్కేలులోనే ఉంటాయి, ముట్టుకోకపోయినా పక్కన మోగుతుంటాయి. దెబుస్సీ ‘క్లేర్ ద లూన్’ కూడా అంతే. డీ ఫ్లాట్ మేజర్‌లో ఖాళీ తీగ సి ఒక్కటే. అర మెట్టు పైకి జరిపితే డి, జి, ఏ మూడూ చేతికొస్తాయి.

ఎనిమిదో_గ్రేడ్
ఆ తీగలు మోగకపోవడమే నాకు కావాలి. ఆ మసకే ఆ ఎట్యూడ్‌కి అందం. మీరు పియానో చెప్పుకుంటారు, చెల్లో ఎప్పుడైనా పట్టుకున్నారా?

లబ్బీపేట_పియానో
పట్టుకోలేదు. మీరు వాయిస్తుండగా వినే భాగ్యమూ కలగలేదు. రికార్డింగ్ పెడతానని ఎప్పటినుంచో అంటున్నారు.

ఎనిమిదో_గ్రేడ్
మీకు నిరూపించుకోవాల్సిన ఖర్మ నాకు లేదు.

మోడరేటర్
రెండు పోస్టులు తీసేశాను. సంగీతం గురించి మాట్లాడండి.

బెంజిసర్కిల్_బాస్
సంగీతం గురించే. మే నెల విజయవాడలో రోజిన్ (బోకి రాసే బంక) ఎక్కడ పెడుతున్నారు? నాది డబ్బాలోనే కరిగి గుడ్డకి అతుక్కుపోయింది. బో లాగితే తీగ మీద జిగురు.

పటమట_వయొలిన్
కారులో వదలకండి. ఇంట్లో చల్లటి మూలన పెట్టుకోండి. ఏసీ గదిలోంచి వాద్యాన్ని తిన్నగా ఎండలోకి తీసుకెళ్లకండి కూడా, అతుకులు విడిపోతాయి.

ఉండవల్లి_చెల్లో
ట్రాయ్‌మెరై వాయించేవాళ్లకి ఎవరూ చెప్పని మాట ఒకటి. ఆక్టేవ్ దించాక పాట మొదట్లో నిలబడే ఆ పొడుగు ఎఫ్ ఉంది చూశారూ, చాలా చెల్లోల్లో వుల్ఫ్ నోట్ ఆ చుట్టుపక్కలే, ఈకి ఎఫ్ షార్ప్‌కి మధ్య ఎక్కడో ఉంటుంది. వాయిస్తుంటే స్వరం నిలవదు, గుర్రుగుర్రుమంటుంది. పిల్లలు తమ బో చెయ్యి బాగాలేదని ఏడుస్తారు. ముందు మీ వాద్యంలో అది ఎక్కడుందో పట్టుకోండి. మోకాళ్లతో పెట్టెని కొంచెం నొక్కిపట్టినా తగ్గుతుంది. బ్రిడ్జి కింద తీగకి తగిలించే చిన్న ఇత్తడి గొట్టం దొరుకుతుంది, మాకు చెన్నై నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది.

సత్యనారాయణపురం_ఫిడేలు
చూశారా! ఎఫ్ మీద తోడేలు కూర్చుంది కాబట్టి జీకి మార్చుకోండి. పాపం తగిలితే నాకు తగలనివ్వండి.

బ్రాడీపేట_నాన్న
అయ్యా, ఎడమచేతి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు కీబోర్డు అబ్బాయి రాకపోతే ఒక్క చెల్లో మీద మొత్తం వాయించొచ్చా?

ఉండవల్లి_చెల్లో
మొత్తం కుదరదండి. బో ఒకేసారి రెండు తీగల్ని మాత్రమే నిలబెట్టగలదు. మూడు, నాలుగు స్వరాల కార్డులైతే కింద నుంచి పైకి విరుచుకుంటూ పోవాలి. ట్యూన్ కింద అక్కడక్కడ ఆరో స్వరం జోడించండి, చేతికి పడుతుంది. మోజార్ట్ సొనాటాల్లో ఎడమచేతిలో గిరగిర తిరిగే ఆ ఆల్బర్టీ బాస్ లాంటివి మాత్రం చెల్లోకి ఇవ్వొద్దు, తీగలు దాటలేక బో చస్తుంది. పియానోలో స్వరం కొట్టగానే తగ్గిపోవడం మొదలవుతుంది కాబట్టి కింద ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. చెల్లో ఒక్క స్వరాన్నే పెంచుకుంటూ పోగలదు. ఎడమచేతి సగం తీసేసినా వెలితి తెలియదు.

ఎట్యూడ్ పిల్లలకి ఇప్పుడే వద్దు. ట్యూన్ ఎడమచేతిలో ఉంది కాబట్టి చెల్లోకి సులువని అనుకుంటారు, మధ్యలో పరుగులు ఉన్నాయి. గ్లాజునోవ్ దాన్ని చెల్లోకి, ఆర్కెస్ట్రాకి రాశాడు. తేలిక కావాలంటే షోపాన్ తొమ్మిదో ఓపస్ రెండో నాక్టర్న్‌ని పాపర్ చెల్లోకి మార్చి రాసింది ఉంది, అదీ ఇప్పుడిప్పుడే వద్దనుకోండి.

లబ్బీపేట_పియానో
షోపాన్ ముక్కల్ని చెల్లోకి మార్చినవాళ్లలో ఆయన సొంత స్నేహితుడు ఫ్రాంషోమ్ ఉన్నాడు. చెల్లో సొనాటా ఆయనకే అంకితం. పాపం సంగతి ఆయన్ని అడగాల్సింది.

ఎనిమిదో_గ్రేడ్
ఫ్రాంషోమ్ చెల్లిస్టు. మీరు కాదు.

బెంజిసర్కిల్_బాస్
పాత ప్రింట్లు దించుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. 19వ శతాబ్దపు చెల్లో పార్టుల్లో బాస్ క్లెఫ్ (కింది స్వరాలు చదివే గుర్తు) పక్కనే ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాల గుర్తు) వస్తే చాలాసార్లు ఒక ఆక్టేవ్ కింద వాయించాలని లెక్క. తెలియకపోతే పిల్లలు పైపైకి పాకి బ్రిడ్జి దగ్గర తేలతారు.

కొత్తపేట_ఆల్టో
షూమన్ పోయింది 1856లో. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లే హక్కు, కాబట్టి ఆయనతో పేచీ లేదు. ఈ మధ్య ఎవరో చేసిన అరేంజ్‌మెంట్‌కి వాళ్ల హక్కు వాళ్లకి ఉంటుంది, దాన్ని జిరాక్స్ తీసి క్వయర్‌లో పంచకండి.

పటమట_వయొలిన్
జిరాక్స్ మాట ఎత్తకండి, ఇక్కడ సగం మంది లాగౌట్ అయిపోతారు.