విన్‌స్టన్‌కు తొలగిన భ్రమ ఏది?

దేవరకొండ పోరడు:
జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ రెండోసారి చదివాను. మా ఎం.ఏ. గైడులో విన్‌స్టన్ స్మిత్‌ను ‘భ్రమలు తొలగిన కథానాయకుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మింగుడు పడలేదు. చదువు మధ్యలో ఓ ఏడాది పాత పహాణీలు, అంటే ఊరి భూమి రికార్డులు, కంప్యూటర్లో ఎక్కించే పని చేశాను, అందుకేనేమో అతని ఉద్యోగం దగ్గరే ఆగిపోయాను. దేశాన్నేలే పార్టీ పాత పేపర్లో చెప్పిన మాట తప్పయితే ఆ పేపర్నే దిద్దుతాడు. పార్టీని నమ్మడు, అయినా బతుకులో అన్నిటికన్నా ఇష్టం ఆ పనే. పుట్టనే పుట్టని ఓగిల్వీ అనే వీరుడికి చావుతో సహా జీవితం అల్లేస్తాడు. అదీ ఎంత ముచ్చటగా! మరి ఇతనికి తొలగిన భ్రమ ఏది?

నల్లగొండ లైబ్రరీ అన్న:
తమ్మీ, పార్టీ మీద భ్రమ కథ మొదలయ్యేసరికే లేదు. భ్రమంతా పార్టీలో పెద్ద హోదాలో ఉన్న ఓబ్రియన్ మీద. ఒక్క క్షణం కళ్లు కలిసినందుకే ఈయన మనోడే అనుకున్నాడు, చివరికి చిత్రహింసలు పెట్టింది ఆయనే. బస్సులో పక్క సీటాయన మన యాసలో మాట్లాడితే ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాం చూడు, అట్లా.

పాలమూరు టీచరమ్మ:
నాకు చాక్లెట్ సంగతే ముఖ్యం. రేషన్ వారానికి 20 గ్రాములకు తగ్గిస్తామని నిన్న చెప్పి, ఇవాళ 20కి పెంచామంటే జనం నమ్మేస్తారు. గుర్తున్నది తనొక్కడికేనా అని విన్‌స్టన్ బిత్తరపోతాడు. తొమ్మిదో తరగతిలో ఇది చెప్తే ఒకడు లేచి, ‘ధర గదే పెట్టి బిస్కెట్ ప్యాకెట్ చిన్నగ చేసిండ్రు, అసొంటిదేనా టీచర్?’ అన్నాడు.

దేవరకొండ పోరడు:
అక్కా, మీ పిల్లగాడికి దండం. అన్నా, ఓబ్రియన్ సంగతి ఒప్పుకుంటా. కానీ ద్రోహులమని ఒప్పుకున్న ఒకప్పటి పార్టీ నాయకులు జోన్స్, ఆరన్‌సన్, రూథర్‌ఫర్డ్ ఉన్న ఆ ఫొటో? వాళ్ల నేరాంగీకారం అబద్ధమని తేల్చే కాగితం చేతిలోకే వచ్చింది. పది నిమిషాలు ఉంచుకుని, మంటల్లోకి పోయే బొక్కలో పడేశాడు. నాకూ ఒకసారి ఇట్లనే అయింది. ఓ పహాణీలో పట్టాదారు పేరు ఒకటి, సాగు చేసేవాడి పేరు రాసే కాస్తు గడిలో ఇంకొకటి. చెమ్మకు నీలం సిరా పాకి సగమే కనిపిస్తోంది. అడిగితే సారు ‘ఖాళీ వదిలెయ్, టార్గెట్ చూడు’ అన్నాడు. కిటికీ దగ్గర పట్టుకుంటే చదవగలిగేవాణ్నే. వదిలేశాను. ఆ రోజు టార్గెట్ దాటానని సమోసా కూడా తిన్నాను. అన్నా, ఆ పది నిమిషాల గురించి ఏమంటావ్?